ఎండిన కాలువలో ఈత

మొన్న మా కోడలు ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. "అత్తయ్యా, ఇది చూడండి. మన కాలనీలో వేసవి క్లాసులంట. పిల్లలకే కాదు, పెద్దవాళ్ళకి కూడా. కుండలు చేయడం, కొవ్వొత్తులు పోయడం, ఈత. మీరూ చేరకూడదూ? ఇంట్లో ఊరికే అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారుగా" అంది. తిరుగుతుంటాననే మాట నిజమే. కూర్చోవడమనే విద్య నాకు చిన్నప్పుడూ అబ్బలేదు. "ఇది కాలు కాలిన పిల్లమ్మా" అని మా నాయనమ్మ వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పేది. కానీ ఆ ఫోనులో 'ఈత' అన్న మాట చూడగానే నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నారని కోడలు అడిగింది. చెప్పడం మొదలెట్టానో లేదో పొయ్యి మీద పాలు పొంగాయి, ఆ అమ్మాయి లోపలికి పరిగెత్తింది. మొదలెట్టిన మాట కడుపులో ఉంచుకుంటే నాకు నిద్రపట్టదు, అందుకని రాస్తున్నాను.

అప్పట్లో మేము బెజవాడలో బందరు కాలువ పక్కనున్న ఒక పేటలో ఉండేవాళ్ళం. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు. ఒకింట్లో చేపలు వేయిస్తే పేటంతా అన్నం పెట్టుకునేది. మధ్యలో పెంకులు కప్పిన గుడి. మేము చర్చిని గుడి అనే అంటాం. గుడి వెనకే కాలువ రేవు. ఇంట్లో అమ్మా నాన్నా, నాయనమ్మ, నేను, మా అత్త. అత్తంటే నాన్నకి చెల్లెలు. టీచరు ట్రైనింగు చేసి పేటలోని బడిలోనే చిన్నపిల్లలకి చదువు చెప్పేది. మంచి పొడగరి, గొంతు కూడా పెద్దది. రేషను షాపువాడు తూకంలో చెయ్యి చూపిస్తే వీధి చివరిదాకా వినపడేలా కడిగేసేది. అలాంటి మనిషికి ఒక్క నీళ్ళంటే మాత్రం చచ్చేంత భయం.

చిన్నప్పుడు, కంకిపాడు అవతల మా పాత ఊళ్ళో, రేవులో గిన్నెలు తోముతూ జారిపడిందట. నాయనమ్మ జుట్టు దొరకబుచ్చుకుని పైకి లాగింది. ఇక అప్పట్నుంచీ అత్త తలంటుకుంటుంటే చూసి తీరాలి. మెడ పక్కకి వంచి, మొహం మీద చుక్క పడకుండా, చెంబుతో కొంచెం కొంచెంగా వంపుకునేది. మొహం కడుక్కోవడమన్నా తడిగుడ్డతో తుడుచుకోవడమే.

ఎవరి భయం వాళ్ళది, దానికింత రాద్ధాంతం ఎందుకంటారేమో. మా గుడిలో అలా కుదరదు. మా దగ్గర పసిపిల్లల నెత్తిన నాలుగు చుక్కలు చల్లి సరిపెట్టరు. పెద్దయ్యాక, ఎవరికి వాళ్ళు మనసారా ఒప్పుకుని, కాలువలో దిగి మునగాలి. పాస్టరుగారు పట్టుకుని వెనక్కి వంచి పూర్తిగా ముంచుతారు. తల వెంట్రుక కూడా పైకి కనపడకూడదు. అలా బాప్తిస్మం తీసుకోనివాళ్ళకి గుడిలో రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. గుడిలో పెళ్ళీ చెయ్యరు. ఏటా కాలువకి నీళ్ళు వదిలాక వచ్చే మొదటి ఆదివారం బాప్తిస్మాలు. ఏటా ఆ ముందురోజుకి మా అత్తకి జ్వరం. దొంగ జ్వరం కాదండోయ్, ఒళ్ళు పెనంలా కాలిపోయేది. ఆవిడ అక్షరాలు దిద్దించిన పిల్లలు కూడా పెద్దవాళ్ళై మునిగి లేచారు. రొట్టెల పళ్ళెం వరసల వెంట వస్తుంటే అత్త మాలాంటి పిల్లల చాప మీద తల దించుకుని కూర్చునేది. నాయనమ్మ అటు చూడలేక కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది.

అలా ఉండగా ఒక సంబంధం వచ్చింది. చల్లపల్లి వైపు ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. పిల్లని చూడ్డానికొచ్చి మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో కూర్చున్నాడు. దాని కాలు విరిగి ఆయన కింద పడ్డాడు. అందరం బిక్కచచ్చిపోయాం. ఆయన లేచి, చొక్కా దులుపుకుని, ఆ విరిగిన కాలు చేతిలోకి తీసుకుని చూసి, "కంగారు పడకండి, కట్టు కడితే అతుక్కుద్ది" అన్నాడు. వంటింట్లోంచి అత్త పకపకా నవ్వింది. అంతకుముందు వచ్చినవాళ్ళ ముందు ఆవిడ పెదవి కూడా కదిపి ఎరగదు. సంబంధం కుదిరిపోయినట్టేనని నేను వీధిలోకి పరిగెత్తి నలుగురికీ చెప్పొచ్చాను.

కానీ పెళ్ళికొడుకు తల్లి ఉంది చూశారూ! ఊరూరా తిరిగి బైబిలు వాక్యం చెప్పే మనిషి. తెల్లచీర, భుజాన నల్లసంచి. మాట తక్కువ, చూపు ఎక్కువ. కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, "అమ్మాయికి బాప్తిస్మం ఎప్పుడైందండీ వదినగారూ?" అని అడిగింది.

నాయనమ్మకి అబద్ధం ఆడడం చేతకాదు. "ఇంకా అవలేదండీ. నీళ్ళంటే కాస్త..."

"టీచరమ్మ కూడానూ! ఇంత వయసొచ్చిందాకా ఎట్టా ఊరుకున్నారండీ?" కొడుకు వైపు ఒకసారి చూసింది. "సరే, అబ్బాయికి ఇష్టంగానే ఉన్నట్టుంది. ఈసారి కాలువ వదలగానే కానివ్వండి. అప్పుడే ప్రధానం పెట్టుకుందాం. ఈ ఏడు కూడా అవకపోతే మాత్రం మేము ఆగమండీ. గుడివాడలో ఇంకో పిల్లని చెప్తున్నారు. దాచుకోడం ఎందుకు, ముందే అనుకుంటే మంచిది."

ప్రధానమంటే మాలో నిశ్చితార్థం. వాళ్ళు బస్సెక్కగానే నాయనమ్మ గుమ్మంలో కూలబడింది. అత్త మాత్రం చెప్పులేసుకుని, నా రెక్క పట్టుకుని, గట్టు మీది పేట సంఘం హాలుకి బయల్దేరింది.

ఆ హాలు మీద ఎర్రక్షరాల గుడ్డ ఒకటి కట్టారు. 'వేసవి తరగతులు, పెద్దలకూ పిల్లలకూ' అని. అబ్బో, ఆ సంబరం చెప్పాలి. లోపల ఒక మూల కుట్టుమిషన్లు దడదడలాడేవి. ఇంకో మూల హార్మోనియం నేర్చుకునే గుమాస్తాలు రోజూ అదే సరిగమ. వసారాలో మట్టిబొమ్మలు, పెరట్లో సబ్బుల తయారీ. ఆ సబ్బు ఘాటు, మిషన్ నూనె వాసన, కిటికీలోంచి వచ్చే వడగాలి అన్నీ కలిసి ముక్కు పట్టేసేవి. అప్పట్లో ప్లాస్టిక్ వైరు బుట్టల పిచ్చి కదా, బజారుకి ఎవరు బయల్దేరినా చేతిలో అదే. నన్ను ఆ బుట్టల క్లాసులో పడేశారు, కనీసం ఒకచోట కూర్చోవడమన్నా నేర్చుకుంటుందని. నాలుగు ముళ్ళు వేసేదాన్ని, కాసేపు బొమ్మల దగ్గరికి, అక్కణ్ణుంచి సబ్బుల దగ్గరికి, గోలీసోడా బండి దగ్గరికి. తిరిగొచ్చేసరికి నా బుట్ట ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పల్లంగా తయారయ్యేది.

ఆ గుడ్డ మీద చిట్టచివరి మాట 'ఈత'. అత్త దాన్లో చేరింది.

ఇక్కడే ఉంది తమాషా అంతా. ఎండలు ముదరగానే నీళ్ళు ఆపి కాలువలు కట్టేస్తారని మా డెల్టాలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. మళ్ళీ నాట్ల అదనుకి గానీ వదలరు. కానీ సంఘం పెద్దలు ఆ గుడ్డ రాయించినప్పుడు కాలువ నిండుగా పారుతోంది. వాళ్ళంతా పల్లెల్లో పుట్టినవాళ్ళే, అయితే బెజవాడ చేరి కొళాయి నీళ్ళకి అలవాటు పడ్డారు. సెలవులంటే ఈత అనుకున్నారు. కాలువ కట్టేస్తారన్న సంగతి అందులో ఒక్కరికీ గుర్తురాలేదు. తీరా క్లాసు మొదలయ్యే నాటికి అక్కడ మిగిలింది ఇసక మేటలు, బురద గుంటలు, విరిగిన కుండపెంకులు. కృష్ణలోకి తీసుకెళ్దామంటే లోతెక్కువ, పిల్లలున్నారు, ఎవరు పూచీ అని వాళ్ళే ఒప్పుకోలేదు.

ఈత నేర్పేది రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఖాకీ నిక్కరు, మెడలో విజిలు. ఆయన ఏమాత్రం చలించలేదు. "నీళ్ళదేముందమ్మా? ముందు క్రమం రావాలి. క్రమం వచ్చాక నీళ్ళు ఎంతసేపు?" అని, హాల్లో ఖాళీ బల్లలన్నీ కాలువలోకి దింపించాడు. ఎండిన కాలువ మధ్య ఇసక మీద బల్లలు, బల్లల మీద బోర్లా మేము. కప్ప ఎలా ఈదుతుందో అలా నేర్పించాడు. "ముడువ్! తన్ను! చాపు!" అని అరిచి, విజిలు ఊదేవాడు. మాతోపాటు బట్టల కొట్టు షావుకారు ఒకాయన. పొట్ట తగ్గాలంటే ఈదమని డాక్టరు చెప్పాడట. పొట్ట మీద బోర్లా పడుకుంటే ఆయన కాళ్ళూ చేతులూ రెండూ గాల్లో తేలేవి, అందుకని మాస్టారు మా అందరికీ ఆయన్నే చూపించేవాడు.

వంతెన మీద రిక్షాలు ఆగిపోయేవి. "ఏమండో! ఇట్టా ఈదితే బందరెప్పటికి చేరతారు?" అని పైనుంచి అరుపు.

"నువ్వు పడవ పంపించు, రేపే చేరతాం!" అని షావుకారు బల్ల మీంచే సమాధానం.

ఆడవాళ్ళ వైపు ఒక దుప్పటి అడ్డం కట్టారు. ఆడవాళ్ళంటే మా అత్తా, నేనూ, ఇద్దరు ముగ్గురు చిన్నపిల్లలూ. ఈ సంగతి నాయనమ్మ చెవిన పడింది.

"పెళ్ళి కావాల్సిన పిల్లవి, ఊరందరి ముందూ బల్ల మీద పడుకుని కాళ్ళు తన్నుకుంటావటే? ప్రభువా, ఏం చూడాల్సొచ్చింది!"

"అమ్మా, మునగాలంటే భయం పోవాలి. భయం పోవాలంటే ముందు నీళ్ళతో స్నేహం చెయ్యాలి."

"నీళ్ళేవే అక్కడ? ఇసకతోనా నీ స్నేహం?"

అత్త మర్నాడు మళ్ళీ వెళ్ళి అందరికంటే ముందు బల్ల మీద పడుకుంది.

నాకు మాత్రం ఆ ఎండిన కాలువ బంగారు గని. బురద గుంటల్లో మట్టగిడసలు, జెల్లలు లాంటి చేపలు చిక్కుకుని కొట్టుకునేవి. విజిలు మోగేలోపు చేతులతో తోడి పట్టేసేవాళ్ళం. ఒకరోజు పట్టిన మట్టగిడసలని ఎక్కడ పెట్టాలో తెలియక, వైరు బుట్టల టీచరుగారు ఎంతో అపురూపంగా అల్లుకున్న పచ్చబుట్టలో వేసి బల్ల కింద పెట్టాను. ఆవిడ కాలికి ఏదో తగిలి వంగి చూసింది. ఆ కేకకి హార్మోనియం కూడా ఆగిపోయింది. నాయనమ్మ ముందు నా వీపు విమానం మోత మోగించి, తర్వాత అవే చేపలకి మామిడికాయ ముక్కలేసి పులుసు పెట్టింది. ఆ పులుసన్నం రుచికి దెబ్బల సంగతి మర్చిపోయాను.

అది ఆవకాయల రోజులు. పేటంతా ఆవపిండి ఘాటు. ముక్కలు కలపడానికి కడిగి పెట్టిన పెద్ద గంగాళం పెరట్లో కనపడేసరికి అత్త దాని నిండా నీళ్ళు పోసింది. ముందర మోకాళ్ళ మీద కూర్చుని, గాలి పీల్చి, మొహం దించేది. ముక్కుకి తడి తగిలీ తగలగానే ఎగిరిపడేది. మళ్ళీ దించేది, మళ్ళీ ఎగిరిపడేది. చూస్తున్న నాకు చిరాకెత్తింది. ఒకసారి మొహం వంచగానే వెనకనుంచి తల నొక్కేశాను. గంగాళం ఒకవైపు, అత్త ఒకవైపు పడ్డారు. లేచొచ్చి నా చెంప పగలగొట్టి, గోడకానుకుని కూర్చుని ఏడ్చింది. "నావల్ల కాదే. గుడివాడ పిల్లనే చేసుకోమను" అంది. ఆవిడ ఏడవడం నేను అదే చూడ్డం. నా చెంప మంట మర్చిపోయి నేనూ ఏడ్చాను.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరి కాలూ నిలవలేదు. నాన్న రోజూ సాయంత్రం సైకిలేసుకుని నీళ్ళు వదిలే లాకుల దగ్గరికి వెళ్ళి కబురు తెచ్చేవాడు. ఒకరోజు "రేపే వదులుతారంట." ఇంకోరోజు "పైన వానల్లేవంట, ఇంకా ఆలస్యమంట." రేపంటే అత్త అన్నం వదిలేసేది. ఆలస్యమంటే పెళ్ళి తప్పిపోతుందేమోనని మళ్ళీ అన్నం వదిలేసేది. నాయనమ్మ పరిస్థితి ఇంకా ఘోరం. పొద్దున ప్రార్థనలో తొందరగా నీళ్ళు పంపమని, రాత్రి ప్రార్థనలో కొంచెం ఆగి పంపమని అడిగేది. ఎండకి గోడలు సెగలు కక్కుతుంటే ముగ్గురూ ఇంట్లో ఒకళ్ళకొకళ్ళు అడ్డం తిరుగుతూ, ఊరికే కసురుకునేవాళ్ళు. వాళ్ళందరినీ చూసి నేనొక్కదాన్నే కుదురైనదాన్నని అమ్మ నవ్వేది.

ఒక సాయంత్రం కాంపౌండరుగారు దిగాడు. డాక్టరుగారికి మందులు కొనడానికి బెజవాడ వచ్చాడట. తాటాకులో చుట్టిన ముంజలతో సహా తిన్నగా కాలువలోకి వచ్చి, మా దుప్పటి అవతల నిలబడ్డాడు. నేను ఇవతల బల్ల కింద దూరి చెవులు నిక్కించాను.

"ఈత నేర్చుకుంటున్నారని విన్నానండీ" అన్నాడు.

"నీళ్ళు లేవుగా, ఏం ఈత" అంది అత్త విసురుగా.

"మా డాక్టరుగారు ఒక్కోసారి మందు లేకపోయినా సీసాలో రంగునీళ్ళు పోసి ఇమ్మంటారండీ. దానికీ జ్వరం తగ్గుద్ది."

అత్తకి నవ్వొచ్చిందిగానీ ఆపుకుంది. "గుడివాడ పిల్ల బాగుందంటనా?"

"చూళ్ళేదండీ. చూడను కూడా. కానీ మా అమ్మ మాట దాటలేనండీ. నాన్న పోయినాక నన్ను ఒక్కతే పెంచింది. మీకు భయమని చెప్పాను. భయపడేవాళ్ళకే కదా ప్రభువు కావాల్సింది అంటది."

ముంజలు దుప్పటి కిందనుంచి ఇవతలికి జరిపి వెళ్ళిపోయాడు. అత్త ఒక్కటి కూడా తినలేదు. అన్నీ నేనే తిన్నాను, తిని మళ్ళీ నీళ్ళెప్పుడొస్తాయని అడిగాను.

వచ్చాయి. అనుకున్న రోజున కాదు, ఎవరూ అనుకోని మిట్టమధ్యాహ్నం. ముందు వాసన వచ్చింది. ఎండిన మట్టి తడిసే వాసన. "కాలువొదిలారు! కాలువొదిలారు!" అని పై పేట పిల్లలు గట్టు వెంట పరిగెత్తుకొస్తున్నారు. వాళ్ళ వెనకే నురగ. ఎండుటాకులు, కొబ్బరిడొక్కలు, తెగిన చెప్పులు, అన్నిటినీ తోసుకుంటూ ఎర్రటి నీళ్ళు. డ్రిల్లు మాస్టారు "బల్లలు! బల్లలు!" అని విజిలూదుతూ గట్టు దిగాడు. షావుకారు ఒక బల్ల నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు. నేను నీళ్ళకంటే ముందు చేరాలని వంతెన దాకా పరిగెత్తి, ఓడిపోయి, ఆయాసపడుతూ వెనక్కి తిరిగితే అత్త కనపడింది. రేవు పై మెట్టు మీద రెండు చేతులూ ఛాతీకి అదుముకుని నిలబడి ఉంది.

మర్నాడు తడి క్లాసు. పిల్లలం దబదబా దూకాం. షావుకారు పొట్ట పుణ్యమా అని కష్టపడకుండానే తేలాడు. అత్త కింది మెట్టు దాకా దిగింది. చీలమండలకి నీళ్ళు తగిలాయి. అంతే. "అమ్మా, క్రమం గుర్తు చేసుకో" అని మాస్టారు బతిమాలాడు. అన్ని రోజులు నేర్చుకున్న క్రమం ఏమైందో, ఆవిడ కాళ్ళు మెట్టు వదల్లేదు. ఇంటికొచ్చి పడుకుంది. శనివారం నాయనమ్మ పొద్దుటినుంచీ అత్త నుదుటి మీద చెయ్యి వేసి చూస్తూనే ఉంది. ఒళ్ళు చల్లగా ఉంది. ఎన్నడూ లేనిది జ్వరం రాకపోయేసరికి ఇదేం గొడవో అని ఇంకా భయపడింది.

ఆదివారం పొద్దున్నే రేవంతా జనం. చప్పట్లు కొడుతూ పాటలు. పెళ్ళికొడుకు తల్లి మొదటి బస్సుకే దిగి పై మెట్టు మీద నిలబడింది, భుజాన అదే నల్లసంచి. కాంపౌండరుగారు జనం వెనకాల ఎక్కడో ఉన్నాడు. మా పాస్టరుగారు బక్కపల్చటి పెద్దాయన. కళ్ళద్దాలు దారంతో చెవులకి కట్టుకుని, ఛాతీలోతు నీళ్ళలో నిలబడ్డారు. ఒక్కొక్కరూ దిగి, మునిగి, లేచి వస్తున్నారు. చివర్న అత్త పేరు పిలిచారు.

తెల్లచీరలో అత్త దిగింది. మెట్టు మెట్టుకీ ఆగుతూ, వణుకుతూ, అయినా దిగింది. నడుములోతుకి వెళ్ళింది. పాస్టరుగారు ఏదో మెల్లగా చెప్పి, ఆవిడ ముక్కు మీద రుమాలు పెట్టి, తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేరు చెప్పి, ఒక్కసారిగా వెనక్కి వంచారు.

వీపుకి నీళ్ళు తగిలాయో లేదో, అత్త గిర్రున బోర్లా తిరిగింది. కాళ్ళు ముడిచింది, తన్నింది, చేతులు చాపింది. ఆ తన్ను సరిగ్గా పాస్టరుగారి కడుపులో తగిలి ఆయన బుడుంగున మునిగిపోయారు. అత్త మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని, తల నిటారుగా పైకెత్తి, కాలువ మధ్యకి ఈదుకుంటూ పోతోంది. నీళ్ళు లేని కాలువలో నేర్చుకున్నదంతా, ఒక్క పిసరు తప్పకుండా! నా నోట్లోంచి దానంతటదే "ముడువ్! తన్ను! చాపు!" అని కేక వచ్చింది. గట్టు మీంచి మాస్టారు కళ్ళనీళ్ళతో విజిలూదాడు. అవతల గట్టుకి కట్టేసి ఉన్న పడవ తాడు చేతికి తగిలాక గానీ అత్త కళ్ళు తెరవలేదు.

ఇద్దరు కుర్రాళ్ళు దూకి పాస్టరుగారిని లేవదీశారు. కళ్ళద్దాలు చెవికి వేలాడుతున్నాయి. ఇక రేవు మీద పంచాయతీ మొదలైంది.

"పేరు పలికారు కదండీ, అయినట్టే" అని ఒక పెద్దాయన.

"ఎక్కడయింది? తల మునిగితేగా" అని ఇంకొకాయన.

పెళ్ళికొడుకు తల్లి గొంతు పెంచకుండానే అంది. "మునగలేదండీ. నేను రెప్ప వెయ్యకుండా చూశాను. మునిగింది పాస్టరుగారు."

జనం నవ్వారు. నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. "ప్రభువా, మునగమంటే తేలిందేంటయ్యా ఇది!"

నిజమే కదా. మునగడం కోసమని మా అత్త ఈత నేర్చుకుంది. ఈతంటేనే మునక్కుండా ఉండటమని ఆవిడకి తట్టలేదు, నాయనమ్మకి తట్టలేదు, మాస్టారికీ తట్టలేదు. అన్ని రోజులు అందరం కలిసి ఒళ్ళు హూనం చేసుకుని నేర్చుకున్న విద్య, అవసరం పడేసరికి సరిగ్గా ఎదురు తిరిగింది.

పాస్టరుగారు మంచివారు. వణుకుతూనే, అత్త వినేలా, "ఈసారికి వదిలేయమ్మా. వచ్చే ఏడు చూద్దాం. ప్రభువు తొందరపెట్టడు" అన్నారు. ఆ మాటకి పెళ్ళికొడుకు తల్లి సంచి సర్దుకుని వెనక్కి తిరిగింది. జనం వెనకాల కాంపౌండరుగారు తల దించుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వచ్చే ఏడు ఎవరికి కావాలి?

"అయ్యగారూ, ఉండండి!"

అత్త పడవ మీదుగా గట్టెక్కి, వంతెన మీంచి నడుచుకుంటూ వచ్చింది. చీర కారుతోంది, జడ విప్పుకుపోయి వీపుకి అతుక్కుంది. జనం దారిచ్చారు. మెట్లు దిగి, ఆగకుండా, పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది.

"మీరు పట్టుకోవద్దండి. పట్టుకుంటే నా కాళ్ళు ఊరుకోవు. మీరు పేరు చెప్పండి, నేనే మునుగుతాను."

"పట్టుకోకుండా ఎట్లా అమ్మా? మన పద్ధతి..."

"నెత్తి మీద చెయ్యి పెట్టండి. నొక్కద్దు."

పాస్టరుగారు పెద్దల వైపు చూశారు. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయన చెయ్యి పెట్టి పేరు పలికారు. అత్త మళ్ళీ కాళ్ళు తన్నుకోకుండా మోకాళ్ళు మడిచి రెండు చేతులతో బిగించి పట్టుకుని, నిలువునా కిందికి దిగిపోయింది. నుదురు మునిగింది. పాపిడి మునిగింది. జుట్టు మాత్రం నీళ్ళ మీద విచ్చుకుని తేలుతోంది. పై మెట్టు మీదావిడ ఒక అడుగు కిందికి దిగి చూసింది. అప్పుడు నీళ్ళలోంచి అత్త చెయ్యి ఒకటి పైకొచ్చింది. తడుముకుని, ఆ జుట్టంతా గుప్పిట్లోకి తీసుకుని, లోపలికి లాక్కుంది.

ఇక నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఎవరూ పాడటం లేదు. పాస్టరుగారి చెయ్యి గాల్లో ఉండిపోయింది. ఎంతసేపైందో నాకు తెలియదు, నేనూ ఊపిరి బిగబట్టాను, నాకు ఆగలేదు. నాయనమ్మ "ఒసేయ్, చాలే! లేవే తల్లీ!" అని చెప్పులతోనే నీళ్ళలోకి దిగిపోయింది.

అత్త లేచింది. దగ్గింది, నీళ్ళు కక్కింది, ముక్కు చీదింది. జుట్టు మొహం మీంచి తోసుకుని, పాస్టరుగారి వైపు కాదు, పై మెట్టు వైపు చూసి, "అయిందా అండీ?" అని అడిగింది.

పెళ్ళికొడుకు తల్లి మెట్లు దిగి వచ్చి, నల్లసంచిలోంచి మడత విప్పని తువ్వాలు తీసి, అత్త తల మీద కప్పింది. "అయింది. తల తుడుచుకో, జలుబు చేసిద్ది" అంది. తనే తుడవడం మొదలుపెట్టింది. నాయనమ్మ నీళ్ళలో నిలబడే ఏడ్చింది.

ఆ వారమే ప్రధానం, కొద్దిరోజులకే పెళ్ళి. అత్త చల్లపల్లి వైపు కాపురానికి వెళ్ళిపోయింది. ఇంట్లో గట్టిగా మాట్లాడే మనిషి లేక నేను పిచ్చెక్కినట్టు పేటంతా తిరిగాను. తర్వాత ఆ పేట కూడా లేదు. గట్టు వెడల్పు చేసినప్పుడు హాలు తీసేశారు. గుడి ఇప్పుడు మేడ, లోపలే పలకరాళ్ళు పరిచిన తొట్టె, తిప్పితే నీళ్ళు. ఎవరూ కాలువ కోసం ఎదురుచూడనక్కర్లేదు. అంతలా ఎదురుచూసిన ఆ వేసవిని తలుచుకుంటే నా కాళ్ళు ఇప్పటికీ కింద ఆనవు.

అత్త పోయే ముందు ఏడాది చూడ్డానికి వెళ్ళాను. ఆవిడకి మనవలు, నాకు తెల్లజుట్టు. వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. నేను రెండు ఒలిచి లేస్తున్నాను, నాలుగు ఒలిచి లేస్తున్నాను. "కూర్చోవే, వేడివేడిగా కాఫీ ఇస్తా" అంది. ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్న మాట అప్పుడడిగాను. "అత్తా, ఆ రోజు అంతసేపు లోపలున్నావుగా. దాంతో నీ భయం పోయిందా?"

అత్త చేతిలో కాయ ఆపి నవ్వింది.

"ఎక్కడికి పోద్దే? పాపాలు పోయినయ్యో లేదో ప్రభువుకి తెలియాలి. భయం మాత్రం నాతోపాటే మునిగింది, నాతోపాటే లేచింది."